జీవం మీద అధికారం ఎంతవరకు?

2024 అక్టోబరు 30న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో అధికారులు ఒక ఇంటిని సోదా చేసి, ఏడేళ్లుగా అక్కడ పెరుగుతున్న పీనట్ అనే ఉడుతను, దానితోపాటు ఒక రకూన్‌ను పట్టుకుపోయారు. అనుమతి లేకుండా వన్యప్రాణిని ఇంట్లో ఉంచుకోవడం అక్కడ నేరం. ఉడుత ఒక ఉద్యోగిని కరిచిందంటూ రేబిస్ పరీక్ష కోసం రెండింటినీ చంపేశారు. ఆ పరీక్షకు మెదడు కావాలి గనుక ప్రాణం తీయక తప్పదన్నారు. చివరికి రెండింటికీ రేబిస్ లేదని తేలింది. చట్టం నెరవేరింది గాని న్యాయం జరిగిందా?

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం గోపాల్‌పేటలో పంజరంలోని రామచిలుకైనా, నల్లమల నుంచి తెచ్చిన జింకపిల్లయినా ఇంట్లో పెంచడం నేరమే. అయితే మన చట్టం చంపడానికి తొందరపడదు. మొదటి షెడ్యూలులోని జంతువు విషయంలో, దానివల్ల మనుషుల ప్రాణానికి ముప్పయితేనో, దానికి కోలుకోలేని జబ్బు చేస్తేనో తప్ప పెద్ద అధికారి కూడా అందుకు అనుమతి ఇవ్వరాదు. 2023 మార్చిలో ఉత్తరప్రదేశ్‌లోని అమేఠీలో, గాయపడినప్పుడు తనను కాపాడిన మనిషిని విడవని సారస కొంగను అటవీశాఖ తీసుకెళ్లి చివరికి కాన్పూరు జంతుశాలకు చేర్చింది. ఎడబాటు బాధాకరమే, కానీ పక్షి బతికింది.

నాతాను ప్రవక్త దావీదుకు చెప్పిన పేదవాని గొఱ్ఱెపిల్ల కథ మనకు తెలుసు (2 సమూయేలు 12). బిడ్డలా పెరిగిన ఆ ఒక్క ప్రాణిని ధనవంతుడు తీసుకుపోయి చంపించాడు. దావీదుకు మండిపోయింది ఆస్తి పోయినందుకు కాదు, ఆ మనిషిలో కనికరం లేనందుకు. అధికారులు మేలు కొరకు దేవుని పరిచారకులని పౌలు రాశాడు (రోమా 13). అలాంటప్పుడు చంపడం వారికి మొదటి మార్గం ఎలా అవుతుంది? కరిచిన జంతువు విషయంలో మనిషి ప్రాణమే ముందు. అయినా కరవకుండా పట్టుకోవడం, ఆశ్రయం వెదకడం, నిపుణులను అడగడం కూడా వారి పనే.

మనవైపు తప్పు లేదా? గొఱ్ఱె మనిషి చేతికింద పెరిగే జంతువు, చిలుక అలాంటిది కాదు. గూట్లో పిల్లలున్నప్పుడు తల్లి పక్షిని పట్టవద్దని ధర్మశాస్త్రం హద్దు పెట్టింది (ద్వితీయోపదేశకాండము 22). సంతలో చిలుకను కొన్నామంటే మరో గూడు దోచుకొమ్మని వేటగాడికి చెప్పినట్టే. రెక్క విరిగిన పక్షి దొరికితే జాలితో దాచుకోక అటవీశాఖకు కబురు చేద్దాం. వారు దాన్ని ఏం చేశారో కూడా అడుగుదాం. పిచ్చుక నేలరాలినా తండ్రికి తెలుసని నమ్మే మనం, అలా అడగడానికి సిగ్గుపడనక్కర లేదు.