రక్తంలో వ్యాపారం ఉండదు

“వ్యాపారం వాళ్ల రక్తంలోనే ఉంది.” “లెక్కలు వాళ్లింట్లో పుట్టుకతోనే వస్తాయి.” “ఎంతైనా ఆ వంశం కదా!” పెళ్లి పందిట్లోనో, ఎన్నికల సభలోనో, సినిమా ఫంక్షన్‌లోనో ఈ మాటలు వినని తెలుగువాడు ఉండడు. తొడగొట్టి వంశం పేరు చెబితే హాల్లో ఈలలు పడటమూ మనకు కొత్త కాదు. ఈమధ్య ఈ పాతమాటకే కొత్త చొక్కా తొడిగారు. రక్తం అనాల్సిన చోట ‘జీన్స్’ అంటున్నారు. డాక్టర్లూ ఇంజినీర్లూ కూడా అంటున్నారు కాబట్టి అది సైన్సు చెప్పిన మాటేనని అందరికీ ధీమా. సైన్సు ఆ మాట చెప్పలేదు. చెప్పినదాన్ని వింటే గొప్పలు చెప్పుకునేవాళ్లకు నోరు పెగలదు.

జన్యువు చేసే పని చాలా చిన్నది. మనిషిలో ప్రొటీన్లు తయారుచేయించే జన్యువులు సుమారు 20 వేలు. ఫలానా ప్రొటీన్‌లో ఏ అమైనో ఆమ్లం పక్కన ఏది రావాలో ఒక్కో జన్యువు చెబుతుంది. ఆ ప్రొటీన్ ఎప్పుడు, ఏ కణంలో, ఎంత తయారుకావాలో నియంత్రించే భాగాలు డీఎన్‌ఏలో వేరే ఉన్నాయి. తయారైన ప్రొటీన్ ఆక్సిజన్ మోస్తుంది, చర్మానికి రంగునిచ్చే పదార్థాన్ని తయారుచేస్తుంది, తిన్నదాన్ని అరిగిస్తుంది. బేరమాడే ప్రొటీన్, ఓట్లడిగే ప్రొటీన్, ఐఐటీ సీటు తెచ్చే ప్రొటీన్ ఇంతవరకు ఎవరికీ కనబడలేదు.

మరి కులం వెంట రక్తంలో నిజంగా దిగివచ్చేదేమిటి? తెలుగునాట మత్తు డాక్టర్లను అడిగితే చెబుతారు. ఆపరేషన్‌కు ముందు గొంతులోంచి శ్వాసనాళంలోకి గొట్టం వేయాలంటే కండరాలు వదులు కావాలి. అందుకు సక్సినైల్‌కోలిన్ అనే ఇంజెక్షన్ ఇస్తారు. నిమిషంలో ఒళ్లంతా చచ్చుబడుతుంది. ఊపిరి కూడా ఆగిపోతుంది కాబట్టి గొట్టం వేసి డాక్టరే ఊపిరి అందిస్తాడు. రక్తంలో ఉండే బ్యూటిరిల్‌కోలినెస్టరేస్ అనే ఎంజైము ఈ మందును ముక్కలు చేస్తుంది. అయిదు పది నిమిషాలు గడిచేసరికి కండరాల్లో మళ్లీ కదలిక వస్తుంది. కొందరికి మాత్రం గంటయినా రాదు. మందును విరగ్గొట్టాల్సిన ఎంజైము వాళ్లలో పనిచేయదు. కొన్ని గంటలపాటు వెంటిలేటర్ మీద ఉంచి, మందు ప్రభావం దానంతటదే తగ్గేదాకా ఎదురుచూడాలి. సరిగ్గా ఊపిరి అందించినంతసేపూ ప్రాణానికి ముప్పు లేదు, మనిషి పూర్తిగా కోలుకుంటాడు. ఈ సంగతి తెలియని చోట మాత్రం ఆపరేషన్ థియేటర్లో గుండెలు జారిపోతాయి.

ఈ లోపం ఆర్యవైశ్యుల్లో ఇతరులకంటే సుమారు వంద రెట్లు ఎక్కువ. కారణం 2006లో ప్రచురితమైన పరిశోధనలో బయటపడింది: ఆ ఎంజైములో 307వ స్థానంలో ల్యూసిన్ ఉండాల్సింది, ప్రోలిన్ వచ్చి కూర్చుంది. ఒక్క అమైనో ఆమ్లం మారినందుకే ఎంజైము పనితనం పరీక్షకు కూడా అందనంతగా పడిపోయింది. వ్యాపారం రక్తంలోనే ఉందని మనం ఎవరి గురించి తరచూ అంటామో, వాళ్ల రక్తంలో శాస్త్రజ్ఞులకు దొరికింది ఇది. వ్యాపారం దొరికే చోటు వేరు. పదేళ్లప్పుడే గల్లాపెట్టె పక్కన కూర్చోబెట్టిన తండ్రి దగ్గర, మొదటి సరుకు అరువుకిచ్చిన మేనమామ దగ్గర, ఎవరికి ఎంతవరకు ఖాతా పెట్టొచ్చో కళ్లతోనే చెప్పిన తాత దగ్గర అది దొరుకుతుంది. దాన్ని రక్తానికి కట్టబెట్టడం ఆ ముగ్గురి కష్టాన్నీ కాజేయడమే.

ఇందులో ఇంకో తమాషా ఉంది. ఆ ఇంజెక్షన్ ఆసుపత్రుల్లోకి వచ్చింది 1951లో. అంతకుముందు ఎన్నో తరాలు ఆ మార్పుతోనే పుట్టి, పెళ్లిళ్లు చేసుకుని, మనవళ్లను ఎత్తుకుని వెళ్లిపోయాయి. ఎవరికీ ఏ ఇబ్బందీ తెలియలేదు. జన్యువు అదే, ప్రొటీన్ అదే. మందు వచ్చాకే అది లోపం అయింది. అంటే ఖచ్చితంగా ఒకే జన్యువుకు ముడిపడిన లక్షణం కూడా బయటి పరిస్థితి తోడైతే తప్ప బయటపడటం లేదు. ఇక తెగువ, తెలివి, నాయకత్వం అనే వాటిని పుట్టుకకు కట్టేయడం ఎంత సాహసమో ఆలోచించండి.

ఇది ఒక్క కులం కథ అనుకుని మిగతావాళ్లు సంతోషించనక్కర్లేదు. హైదరాబాద్ సీసీఎంబీకి చెందిన తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ బృందాలు 2017లో దక్షిణాసియాలోని 263 సమూహాలను పరిశీలిస్తే, వాటిలో 81 సమూహాలు చాలా కొద్దిమంది పూర్వీకుల నుంచి విస్తరించినవేనని తేలింది. పది లక్షలకు మించిన జనాభా ఉన్నవి కూడా వాటిలో 14 ఉన్నాయి. కొద్దిమందితో మొదలై, తరతరాలుగా లోపల్లోపలే పెళ్లిళ్లు చేసుకుంటే, ఆ మొదటివాళ్లలో ఎవరిలోనో ఉన్న ఒక మార్పు అందరిళ్లలోకీ పాకుతుంది. తల్లిదండ్రులిద్దరిలోనూ అలా మారి చెడిన జన్యువు ఒక్కొక్కటి ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు రెండూ చెడ్డవే అందే అవకాశం నాలుగింట ఒకటి. ఇంగ్లండులో ఆర్కిబాల్డ్ గారోడ్ 1902లో మూత్రం నల్లబడే వ్యాధి గురించి రాసినప్పుడే, ఆ పిల్లల తల్లిదండ్రుల్లో చాలామంది దగ్గరి చుట్టాలని గుర్తించాడు. మన మేనరికాల సంగతి వేరే చెప్పాలా?

పోనీ, కాపాడుకుంటున్న ఆ రక్తమైనా స్వచ్ఛమైనదా? అదీ లేదు. సుమారు 4,200 ఏళ్ల కిందటి నుంచి 1,900 ఏళ్ల కిందటి దాకా ఈ దేశంలో దాదాపు అన్ని సమూహాలూ ఒకదానితో ఒకటి కలిశాయని 2013 నాటి జన్యు పరిశోధన చెబుతోంది. ఆ తర్వాతే తలుపులు మూసుకున్నారు. అందరూ కలగలిసిన వాళ్లే. కలిశాక తలుపేసుకుని స్వచ్ఛత గురించి ఉపన్యాసాలు మొదలుపెట్టారు.

“అయితే జన్యువుల ప్రభావమే లేదంటారా?” అని ఎదురుప్రశ్న వస్తుంది. ఎందుకు లేదు? పొడుగు సంగతే చూడండి. పొడుగాటి తల్లిదండ్రులకు పొడుగాటి పిల్లలు పుట్టడం అందరం చూసేదే. 2022లో 54 లక్షల మంది సమాచారాన్ని జల్లెడ పడితే, ఎత్తుతో సంబంధమున్న చిన్న చిన్న తేడాలు డీఎన్‌ఏలో 12 వేలకు పైగా తేలాయి. టేపుతో కొలవగలిగే ఒక్క లక్షణానికే అన్ని! అయినా దక్షిణ కొరియాలో ఆడవాళ్ల సగటు ఎత్తు నూరేళ్లలో సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది. నూరేళ్లలో జన్యువులు మారిపోవు. మారింది కంచంలో తిండి, ఇంట్లో ఆరోగ్యం.

ఫీనైల్‌కీటోన్యూరియా అనే జబ్బు ఇంకా గట్టి సాక్ష్యం. ఫీనైల్‌అలనిన్ అనే అమైనో ఆమ్లాన్ని మార్చే ఎంజైము ఆ పిల్లల్లో పనిచేయదు. అది ఒంట్లో పేరుకుని మెదడును దెబ్బతీస్తుంది. చూడకుండా వదిలేస్తే తీవ్రమైన బుద్ధిమాంద్యం తప్పదు. పుట్టిన కొద్ది రోజుల్లోనే మడమ దగ్గర గుచ్చి నాలుగు చుక్కల రక్తం పరీక్షించి, ఆ ఆమ్లం తక్కువుండే ప్రత్యేక ఆహారం మొదలుపెడితే ఆ బిడ్డ అందరిలాగే చదువుకుంటుంది. జన్యువు మాత్రం ఎక్కడికీ పోదు, జీవితాంతం ఉంటుంది. తలరాత అని చేతులు కట్టుకుని కూర్చున్న ఇంట్లో ఒక బిడ్డ, పాలడబ్బా మార్చిన ఇంట్లో మరో బిడ్డ. ఇద్దరిలోనూ ఉన్నది ఒకే జన్యువు.

ఇంత తెలిశాక కూడా, బిడ్డ చెంపలోంచి దూదిపుల్లతో కాస్త తడి తీసి, ఏ ఆటలో దించాలో చెబుతామనే వ్యాపారం నడుస్తోంది. పరుగుకు పనికొస్తుందని ప్రచారం పొందిన ఏక్టిఎన్3 జన్యువు తయారుచేయించే ప్రొటీన్ ప్రపంచంలో అత్యధికుల కండరాల్లో ఉంది. వాళ్లందరికీ పతకాలు రాలేదని చెప్పడానికి ఏ ల్యాబూ అక్కర్లేదు.

హీరో కొడుకు హీరో కావడానికీ, మంత్రి కొడుకు మంత్రి కావడానికీ జన్యువులు వెతకాల్సిన పనిలేదు. మొదటి సినిమాకు డబ్బు ఎవరు పెట్టారో, మొదటి ఎన్నికలో టికెట్ ఎవరిచ్చారో చూస్తే చాలు. రక్తం పేరు చెప్పేది ఆ లెక్క ఎవరూ అడగకుండా ఉండటానికే. కూలివాడి కొడుకు వెనకబడితే మాత్రం అదే రక్తం నేరమవుతుంది.

రక్తం గురించి నిజంగా పట్టింపు ఉన్నవాళ్లు చేయాల్సిన పనులు వేరే ఉన్నాయి. నవజాత శిశువుల రక్తపరీక్ష మన దేశంలో ఇంకా ప్రతి పుట్టుకకూ తప్పనిసరి కాలేదు, దాన్ని అడగండి. ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత ఊపిరి ఆలస్యంగా అందుకున్న సంగతి జరిగి ఉంటే, మీ వంతు వచ్చినప్పుడు మత్తు డాక్టరుకు ముందే చెప్పండి. ఎంజైము ఉందో లేదో ఒక్క రక్తపరీక్షతో తేలిపోతుంది, ఆ ఇంజెక్షన్‌కు బదులు వాడదగ్గ మందులూ ఉన్నాయి.