కట్టే ముందు మమ్మల్ని కూడా ఒక మాట అడగాలి



పోయిన వారం ఇంజనీరు సార్లు వచ్చి మన బడిని టేపుతో కొలుచుకుని వెళ్లారు. మరమ్మతులు చేస్తారని కొందరు, కొత్త భవనం కడతారని కొందరు అంటున్నారు. ఏది జరిగినా మనకు సంతోషమే. కాని ఆ రోజు వాళ్లు గోడలు కొలిచారు, కిటికీలు లెక్కపెట్టారు. "మీకేం కావాలమ్మా?" అని మనలో ఒక్కరినీ అడగలేదు. అందుకని నా అభిప్రాయం ఈ గోడపత్రికలో రాస్తున్నాను.

మన రాష్ట్రంలో బడులు బాగుచేయడం కొత్తేమీ కాదు. 2019 నవంబరు 14న, బాలల దినోత్సవం నాడు, "మనబడి నాడు-నేడు" కార్యక్రమం మొదలైంది. మొదటి విడతలో 15,715 బడులు తీసుకున్నారు. మరుగుదొడ్లు, తాగునీరు, ఫ్యాన్లు లైట్లు, బల్లలు, రంగులు, మరమ్మతులు, ఆకుపచ్చ బోర్డులు, ఇంగ్లీషు ల్యాబు, ప్రహరీగోడ అని తొమ్మిది పనులు పెట్టుకున్నారు. అప్పుడు నేను మా ఊరి బడిలో చదివేదాన్ని. మా అయ్య తల్లిదండ్రుల కమిటీలో ఉండేవాడు. డబ్బు కమిటీ ఖాతాలో పడేది, కొంత సామాను కమిటీ వాళ్లే కొనేవారు. మా అయ్యకు చదువు రాదు. అయినా సిమెంటు బస్తాలు దిగుతున్నాయంటే పోడు పని ఆపుకుని వచ్చి ఒక్కొక్కటే లెక్కపెట్టుకునేవాడు. తన పిల్ల కూర్చునే గది కదా! పని బాగా జరిగింది.

మరి ఇక్కడ ఎవరు లెక్కపెడతారు? మన అమ్మానాన్నలు కొండల అవతల ఉన్నారు. ఒక్క మీటింగుకు రావాలంటే ఆ రోజు కూలీ పోతుంది, బస్సు చార్జీ కూడా పోతుంది. ఇక్కడ రాత్రీ పగలూ ఉండేది మనమే. కనుక చెప్పవలసింది కూడా మనమే.

ఆ తొమ్మిది పనులూ మంచివే. అయితే అవి పగటి బడికి సరిపోతాయి. ఊరి బడిలో సాయంత్రం గంట కొడితే పిల్లలు ఇంటికి పోతారు. మనకు గంట కొట్టాక ఇదే ఇల్లు. పగలు పాఠం విన్న గదిలోనే రాత్రి బల్లలు జరిపి చాపలు పరుచుకుంటున్నాం. జ్వరం వచ్చిన పిల్ల తెల్లారాక కూడా ఆ మూలనే పడుకుంటుంది, పక్కన లెక్కల పాఠం జరుగుతూ ఉంటుంది. బాత్‌రూములకు గడియలు లేవు. ఒకరు స్నానం చేస్తుంటే ఇంకొకరు తలుపు పట్టుకోవాలి. రాత్రి అటు వెళ్లే దారిలో లైటు లేదు. పోయిన వానాకాలంలో ఏడో తరగతి చెల్లి ఆ దారిలో పామును చూసి కేక వేసింది. అప్పటి నుంచి చిన్నపిల్లలు కొందరు సాయంత్రం అయితే నీళ్లు తాగడం మానేశారు. ఈ సంగతి మేడమ్ గారికి తెలిసి ఉండదు. సిగ్గుపడి మేమెవరం చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

నేను కోరేవి నాలుగు. పడుకోవడానికి వేరే గదులు, జబ్బు చేసినవాళ్లకు ఒక గది, బాత్‌రూములకు గడియలు, దారిలో ఒక లైటు. మొదటి రెండింటికి చాలా డబ్బు కావాలి, ఆగుతాం. తర్వాతి రెండింటికి కొత్త భవనం దాకా ఆగనక్కరలేదు కదా!

"సర్కారు కడుతుంది, మనకెందుకే?" అని మా గదిలో ఒక అక్క అంది. అలా అనుకోబట్టే కదా మన కొళాయిలు ఇలా ఉన్నాయి! వాటికి వేలాడి విరగ్గొట్టింది ఎవరు? మనమే. బోర్డు మీద మేకుతో పేర్లు గీసింది కూడా మనమే. రేపు పాలరాయి పరిచినా మనం ఇలాగే ఉంటే రెండేళ్లలో మళ్లీ ఇదే గతి.

కనుక తరగతికి ఇద్దరు చొప్పున ఒక పిల్లల కమిటీ వేయవలసిందిగా మేడమ్ గారిని కోరుతున్నాను. వాళ్లు ప్రతి ఆదివారం కొళాయిలు, లైట్లు, తలుపులు చూసి పుస్తకంలో రాయాలి. ఇంజనీరు సార్లు మళ్లీ వచ్చినప్పుడు ఆ పుస్తకం చేతికిచ్చి, దగ్గరుండి అన్నీ చూపించాలి. రాత్రి ఆ చీకటి దారి కూడా చూపించాలి.

మిత్రులారా, మీరేమంటారు? వచ్చే నెల గోడపత్రికలో రాయండి. నేను రాసినదానిలో తప్పులుంటే పెద్దలు మన్నించగలరు.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని