అర్ధాంగికి పిస్తోలు కానుకయా? ఆయుధము, దానము, అధికారము





గత సంవత్సరము మహాలయ పక్షము నడచుచుండగా అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమున స్థిరపడిన ఒక భక్తుడు నాకు ఫోను చేసెను. ఆతని ఉపనయన వివాహములు రెండును నా చేతుల మీదుగా జరిగినవే. కుశల ప్రశ్నలు ముగిసిన పిమ్మట, "అయ్యగారూ, మహానవమి నాడే మా ఆవిడ పుట్టినరోజు వచ్చినది. ఆమెకు తెలియకుండ మంచి పిస్తోలు ఒకటి కొనుచున్నాను. ఆయుధపూజలో మీరు వీడియోలో సంకల్పము చెప్పి పూజ చేయించవలెను. ఏ సమయమున ఆమె చేతికి ఇచ్చిన శుభమో సెలవిండు" అనెను.

నేను ముహూర్తము చెప్పలేదు. పూజ చేయింపననియు చెప్పితిని. ఆతనికి ఆగ్రహము కలిగెను. "కార్లకు, లారీలకు నిమ్మకాయలు కట్టి పూజలు చేయుదురు. మన దేవతలందరి చేతులలోను ఆయుధములే గదా! నా భార్య ప్రాణరక్షణకు నేను ఇచ్చు కానుకకు మాత్రము అడ్డు చెప్పుదురా?" అని ఫోను పెట్టివేసెను. అటు పిమ్మట ఇదే భావమును ప్రకటించు సందేశములు మరి కొందరు భక్తుల నుండియు నాకు వచ్చినవి. "ప్రతి హిందూ గృహిణికి దసరా కానుకగా ఆయుధమే" అను ధోరణి ప్రబలుచున్నది. కావున ఆ ఒక్కనికి చెప్పవలసిన సమాధానమును అందరి ఎదుట విన్నవించుచున్నాను.

మొదట ఒక మాట స్పష్టము చేయవలెను. ఆయుధము పాపమనువాడను నేను కాను. ఇల్లు తగులబెట్టువాడు, విషము పెట్టువాడు, ఆయుధము ఎత్తి మీదికి వచ్చువాడు మొదలగు ఆతతాయులను ఎదుర్కొనుట దోషము కాదని ధర్మశాస్త్రములు చెప్పినవి. స్త్రీ ఆయుధము పట్టరాదనువాడను అంతకంటెను కాను. నరకాసుర యుద్ధమున సత్యభామాదేవి విల్లందుకొన్న ఘట్టమును ప్రతి దీపావళికి ఆలయములో నేనే చెప్పుచుందును. నా ఆక్షేపణ పిస్తోలు మీద కాదు. దానిని చెప్పక చేయక, రంగుకాగితములో చుట్టి, పుట్టినరోజు పూట అర్ధాంగి ఒడిలో పెట్టు ఆ పద్ధతి మీద. దానికి ధర్మమను పేరు పెట్టుట మీద.

వారి ప్రథమ వాదము: "దేవతలు అమ్మవారికి ఆయుధములు కానుకలుగా ఇయ్యలేదా?" ఇచ్చిరి. దేవీమాహాత్మ్యమున ద్వితీయాధ్యాయమును శ్రద్ధగా చదివినవారికి ఆ దానము ఎట్లు జరిగినదో తెలియును. శివుడు తన శూలము నుండి శూలమును, విష్ణువు తన చక్రము నుండి చక్రమును తీసి సమర్పించిరి. అనగా ప్రతి దాతయు తాను ధరించి, ప్రయోగించి, దాని స్వభావము నెరిగిన ఆయుధమునే ఇచ్చెను. గ్రహీత మహిషుని సంహరించుటకే ఆవిర్భవించిన పరాశక్తి. ఇచ్చినది దేవతలందరి సమక్షమున. ఈ మూడు లక్షణములలో మీ కానుకకు ఏది కలదు? దాత తానే ఎన్నడును తుపాకి పేల్చి ఎరుగడు. గ్రహీత అడుగలేదు. ఆమెకు తెలియకూడదనుటయే ఈ కానుకకు అలంకారము! దేవతలకు లేని తొందర మనకెందుకు?

ద్వితీయ వాదము: "దానము చేయువానికి స్వేచ్ఛ కలదు." కలదు, కాని దానమన కేవలము వస్తువును చేతిలో పెట్టుట కాదు. తన స్వత్వమును వదలి ఇతరుల స్వత్వమును కలిగించుటయే దానమని శాస్త్రజ్ఞులు నిర్వచించిరి. గ్రహీత స్వీకరించినప్పుడే అది సంపూర్ణమగును. గీతాచార్యుడు సాత్త్విక దానమునకు దేశము, కాలము, పాత్రము అను మూడింటిని విధించెను. చీర నచ్చకున్న బీరువాలో పెట్టవచ్చును. నగ నచ్చకున్న మార్చుకొనవచ్చును. అడుగని పిస్తోలు ఇంటికి వచ్చినచో ఆ క్షణము నుండి దానిని కాపాడు బాధ్యత, పిల్లలకు అందకుండ దాచు బాధ్యత, దానితో ఏమి జరిగినను సమాధానము చెప్పవలసిన బాధ్యత ఆమె మీద పడును. ఇది దానమా, భారారోపణమా?

ఈ సందర్భమున అరణ్యకాండలో సీతమ్మ తల్లి శ్రీరామునికి చెప్పిన కథను స్మరింపవలెను. ఇంద్రుడు భటుని వేషమున ఒక తపస్వి ఆశ్రమమునకు వచ్చి, ఒక ఉత్తమ ఖడ్గమును న్యాసముగా ఉంచి వెళ్ళెను. నమ్మి ఉంచిన వస్తువును పోగొట్టరాదని ఆ ముని కందమూలములకు పోయినను దానిని వెంట తీసికొని పోవుచుండెను. నిత్యము చేతనుండుట చేత క్రమముగా ఆతని బుద్ధి క్రౌర్యము వైపు తిరిగెను. తపస్సు నశించెను. చివరకు నరకమే గతి అయ్యెను. ఆ ముని ఖడ్గమును కోరలేదు సుమా! అడుగకయే వచ్చిన ఉత్తమ ఖడ్గమది. ఇంకొక విషయము: ఆయుధ విషయమున ఈ హితవు చెప్పినది భార్య, విన్నది భర్త. శ్రీరాముడు ఆమె మాటను త్రోసివేయక, ఆర్తులైన మునులకు తానిచ్చిన అభయమును, క్షత్రియ ధర్మమును వివరించి సమాధానము చెప్పెను. విల్లు విడువలేదు, చర్చయు విడువలేదు. ఆయుధము గూర్చి ఆలుమగలు ఎట్లు మాటలాడుకొనవలెనో వాల్మీకి మహర్షి అక్కడ చూపెను. మనకు ఆ సంభాషణ అక్కరలేదు, ఆశ్చర్యము మాత్రము కావలెను!

తృతీయ వాదము: "ప్రేమతో ఇచ్చినదానికి దోషమేమి?" సౌప్తిక పర్వము చూడుడు. ద్రోణుడు బ్రహ్మశిరోస్త్రమును అర్జునునికి సంతోషముతో ఉపదేశించెను. పుత్రుడైన అశ్వత్థామ తనకును కావలెనని అడుగగా, మనసు పూర్తిగా ఒప్పకున్నను ఇచ్చి, ఎంతటి ఆపదలోనైనను మనుష్యుల మీద ప్రయోగింపవలదని హెచ్చరించెను. పర్యవసానమేమి? ఇద్దరును అస్త్రములను విడిచిన వేళ అర్జునుడు ఉపసంహరింపగలిగెను, అశ్వత్థామ చేయలేకపోయెను. ఆ అస్త్రము ఉత్తర గర్భమందలి శిశువు మీదికి పోయెను. వాత్సల్యము వలన అధికారము సిద్ధింపదు. శ్రీరాముడు విశ్వామిత్రుని నుండి అస్త్రములు పొందిన పిమ్మట ఉపసంహార క్రమమును కూడ అడిగి తెలిసికొనెను. ప్రయోగము తెలిసి ఉపసంహారము తెలియని చేతికి ఆయుధమిచ్చుట ప్రేమ కాదు, ప్రమాదము.

ఇక "మంచి పిస్తోలు" అను మాటకు వత్తును. మా ఆలయ కమిటీలో సైన్యమున సుబేదారుగా పనిచేసి విశ్రాంతి పొందిన పెద్దలొకరు కలరు. ఈ విషయమును వారిని అడిగితిని. వారు నవ్వి, "అయ్యగారూ, చెప్పు కొలతయే అడుగక కొనరు గదా, పిస్తోలు ఎట్లు కొందురు?" అనిరి. పిడి ఆమె అరచేతికి అమరవలెనట. చూపుడు వ్రేలు వంకర పోకుండ ట్రిగ్గరును చేరవలెనట. పైభాగమున స్లైడును వెనుకకు లాగుటకు ఆమె చేతిబలము చాలవలెనట. ఆడవారికి చిన్నది, తేలికైనది చాలునని మగవారు కొనుచుందురట. అదియే తరచుగా జరుగు పొరపాటు. ఒకే గుండును పేల్చునప్పుడు తేలిక పిస్తోలు బరువైనదానికంటె చేతిని గట్టిగా వెనుకకు తన్నును. చిన్న పిడిని పట్టుట కష్టము. ఒకసారి భయపడిన చేయి రెండవసారి దానిని ముట్టదు. గ్లాక్ అనుడు, స్మిత్ అండ్ వెస్సన్ అనుడు, పేరు ఎంత గొప్పదైనను, ఆమె స్వయముగా పట్టి, పేల్చి చూచి ఎన్నుకొననిది ఆమెకు మంచి పిస్తోలు కానేరదు. అనగా నాణ్యమైనది ఇయ్యవలెనన్న కోరిక, తెలియకుండ ఇయ్యవలెనన్న కోరిక పరస్పర విరుద్ధములు. ఒకటి నిలిచిన రెండవది పోవును.

రాజశాసనమును గూర్చియు చెప్పవలసియున్నది. అమెరికాలో తన ధనముతో కొని నిజమైన కానుకగా ఇచ్చుటకు సమాఖ్య చట్టము సామాన్యముగా అనుమతించును. కాని ఆయుధము కలిగియుండుటకు అనర్హురాలని తెలిసియు ఇచ్చినచో ఇచ్చినవానికిని అది నేరమే. మన తెలుగువారు అనేకులు హెచ్-1బి, హెచ్-4 వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నారు. అట్టివారికి, వేట లైసెన్సు మొదలగు కొలది మినహాయింపులు తప్ప, తుపాకిని కలిగియుండుటయే నేరము. భర్తకు గ్రీన్ కార్డు ఉండి, క్రొత్తగా వచ్చిన భార్య తాత్కాలిక వీసాపై ఉన్నచో ఆ కానుక ఆమెను దోషిని చేయును. న్యూజెర్సీ, న్యూయార్క్ వంటి రాష్ట్రములలో ముందుగా అనుమతి పత్రము పొందవలెను. అచ్చట ఆశ్చర్యపు కానుకకు తావే లేదు. మన దేశమున 1959 నాటి ఆయుధ చట్టము ప్రకారము లైసెన్సు వ్యక్తికి చెందినది. భర్త లైసెన్సు భార్యకు చెల్లదు.

ఇంతకంటె గంభీరమైన మాట మరియొకటి. దీనిని వ్రాయుటకు సంకోచించితిని, కాని వ్రాయకుండుట తప్పు. అమెరికాలో తుపాకి వలన సంభవించు మరణములలో సగమునకు పైగా ఆత్మహత్యలే. దొంగ కొరకు తెచ్చినది దుఃఖపు వేళ ఇంటివారి చేతికే అందుచున్నది. నేను ఆ భక్తుని ఒకే ప్రశ్న అడిగియుంటిని: "నాయనా, అమ్మాయి మనసు ఎట్లున్నది?" ఆతడు క్షణకాలము మౌనముగా ఉండి, "పొరుగింటిలో దొంగలు పడినప్పటి నుండి నిద్ర లేదండీ. రెండవ కాన్పు తరువాత అసలే నీరసముగా ఉన్నది. తరచు ఏడ్చుచున్నది. అందుకే ఈ ధైర్యము" అనెను. నిద్ర లేని, కన్నీరు ఆగని బాలెంతరాలికి పిస్తోలు ధైర్యమగునా? ఆమెకు ముందు కావలసినది వైద్యుడు, తల్లి తోడు, నీ సాన్నిధ్యము. భయము అధికారము కాదు నాయనా! భయముతో ఉన్నవారికి ఆయుధమిచ్చినచో భయమే ఆయుధము పట్టును.

విరాట పర్వమున అర్జునుడేమి చేసెను? ఉత్తర కుమారుడు కౌరవసేనను చూచి గడగడ వణకెను. అప్పుడు అర్జునుడు గాండీవమును ఆతని చేతికిచ్చి "పోరాడుము, ధైర్యము వచ్చును" అనలేదు. ఆతని స్థితిని ఎరిగి, పగ్గములు చేతికిచ్చి, పోరు తాను చేసెను. ఆ ఆయుధములు అంతవరకు ఎక్కడ ఉన్నవి? శ్మశాన సమీపమున ఎత్తైన జమ్మిచెట్టు మీద, శవము కట్టియున్నదని చెప్పి ఎవరును దరిచేరకుండ భద్రపరచిరి. దసరా నాడు జమ్మి ఆకును బంగారమని పంచుకొను మనము, ఆ చెట్టు నేర్పిన మొదటి పాఠమును మరచితిమి. ఆయుధమును దాచుట, ధరించుట కంటె ముందు నేర్వవలసిన విద్య.

"కారుకు పూజ చేసితిరి గదా" అను ఎత్తిపొడుపునకు సమాధానము: కారు తాళములు చేతికిచ్చుటకు ముందు ఆమె బండి నేర్చెను, పరీక్ష నెగ్గెను, లైసెన్సు పొందెను. ఏ కారు కావలెనో మీరిద్దరును పది దుకాణములు తిరిగి చూచితిరి. ఆ వరుసలోనే దీనిని కూడ రానిండు, పూజకు నేను సిద్ధముగా ఉందును. నా తప్పును కూడ ఒప్పుకొందును. వెనుక ఒక ఆయుధపూజలో ఒక భక్తుడు తెచ్చిన తుపాకికి, ఎవరిది, ఎవరికి, గుండ్లు తీసితిరా అని ఒక్క మాటైనను అడుగక కుంకుమ పెట్టితిని. దక్షిణ తీసికొంటిని. ఆనాడు కీడు జరుగకుండుట దైవకృపయే గాని నా వివేకము కాదు. అర్చకులైన నా సోదరులకు కూడ విన్నపము: ముందు అడుగుడు, పిమ్మట కుంకుమ పెట్టుడు.

మరి ఏమి చేయవలెను? ముందు ఆమెతో మాటలాడుము. "ఇంటిలో ఆయుధముండుట నీకు సమ్మతమా?" అని అడుగుము. కాదన్నచో అంతటితో విడువుము. తలుపులకు గట్టి గడియలు, అలారము, బంగారమునకు బ్యాంకు లాకరు, పొరుగువారి స్నేహము ఇవియు రక్షణలే. ఔనన్నచో, ఆమె ఆరోగ్యము చక్కబడిన పిమ్మట, ఇద్దరును కలిసి శిక్షకుని వద్ద నేర్వుడు. ప్రతి తుపాకిని గుండు నిండినదిగనే భావించుట, నాశనము కాగూడనిదాని వైపు గొట్టము త్రిప్పకుండుట, గురి నిశ్చయమగు వరకు ట్రిగ్గరు మీద వ్రేలు ఉంచకుండుట, గురిని, దాని వెనుక ఉన్నదానిని ఎరుగుట, ఈ నాలుగును ఆ విద్యకు యమనియమములు. పిల్లలకు తెరువ శక్యము కాని ఇనుప పెట్టె ముందు ఇంటికి రావలెను, పిస్తోలు తరువాత రావలెను. ఏది కొనవలెనో ఆమె చేయి నిర్ణయించును.

కన్యాదాన వేళ ధర్మార్థకామములలో ఆమెను అతిక్రమింపనని నీచేత పలికించినవాడను నేనే. సప్తపదిలో ఏడవ అడుగు సఖ్యమునకు వేయించినవాడను నేనే. ఇంటిలోనికి మృత్యుసాధనము వచ్చుట ధర్మవిషయము; అందు ఆమె మాట వినకుండుటయే అతిక్రమణము. సఖిని చీరతో ఆశ్చర్యపరచుము, పూలతో ఆశ్చర్యపరచుము, పుట్టింటికి విమానపు టికెట్టుతో ఆశ్చర్యపరచుము. ప్రాణముతో ముడిపడిన విషయమున మాత్రము ఆమెను ఆలోచనలో భాగస్వామిని చేయుము.

నాయనా, ఇది చదివినచో మరల ఫోను చేయుము. ఈ పర్యాయము ఫోను అమ్మాయికి కూడ ఇమ్ము.

శుభం భూయాత్.