ఉపగ్రహం మోసే మాట: కుదింపు గణితానికి భారతీయ భాషల పరీక్ష

దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉండే భూస్థిర ఉపగ్రహంతో సాధారణ మొబైల్ ఫోన్ నేరుగా మాట్లాడాలంటే పెద్ద అడ్డంకి దూరమే. చేతి ఫోన్ వెలువరించే బలహీన సంకేతం అక్కడికి చేరేసరికి ఎంతగా క్షీణిస్తుందంటే, సెకనుకు ఒకటి నుంచి మూడు వేల బిట్లకు మించి దానిపై ఆధారపడలేరు. ఇంత ఇరుకు దారిలో మనిషి మాటను పట్టించగల అత్యల్ప బిట్‌రేటు కోడెక్‌పై, మొబైల్ ప్రమాణాలను రూపొందించే అంతర్జాతీయ వేదిక 3జీపీపీ అధ్యయనం చేపట్టింది. నిపుణుల సమావేశాలకే పరిమితమైనట్లు కనిపించే ఈ వ్యవహారంలో భారతదేశపు ప్రయోజనాలు గణనీయంగా ఇమిడి ఉన్నాయి.

కుదింపు ఏ స్థాయిలో జరగాలో పాత లెక్కతో పోలిస్తే తెలుస్తుంది. డిజిటల్ టెలిఫోన్ వ్యవస్థకు పునాది వేసిన 1972 నాటి జీ.711 ప్రమాణం మాటను సెకనుకు 8,000 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 8 బిట్లలో రాస్తుంది. అంటే సెకనుకు 64,000 బిట్లు. తొలి తరం జీఎస్ఎం ఫోన్లు దీనిని 13,000కు దించాయి. ఇప్పుడు కోరుతున్నది సుమారు 2,000, అనగా మొదటి దానిలో 32వ వంతు.

ఈ తగ్గుదలకు మూలం ఒక సరళమైన పరిశీలన. గొంతు, నాలుక, పెదవులు కొన్ని మిల్లీసెకన్ల వ్యవధిలో పెద్దగా కదలవు. అందువల్ల ధ్వని తరంగంలో పక్కపక్కనున్న కొలతలు ఒకదానికొకటి బంధువులు. గడచిన ఎనిమిది, పది కొలతలను తగిన గుణకాలతో హెచ్చించి కూడితే తరువాతి కొలత ఇంచుమించుగా దొరుకుతుంది. కాబట్టి తరంగాన్ని యథాతథంగా పంపనక్కరలేదు. 20 మిల్లీసెకన్ల ముక్కకు ఒకసారి ఆ గుణకాలను, అంచనాకు అందని శేషాన్ని పంపితే చాలు. రేఖీయ అంచనా పద్ధతి అంటే ఇదే.

దీనిని మాటకు అన్వయించిన అగ్రగాముల్లో జపాన్‌కు చెందిన ఫుమితాడా ఇటకురాతో పాటు, కాన్పూరులో పుట్టి, లఖ్‌నవూ విశ్వవిద్యాలయంలోనూ బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలోనూ చదివి, అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన బిష్ణు అటల్ ఉన్నారు. శేషాన్ని పంపడానికి ఆయన, మాన్‌ఫ్రెడ్ ష్రోడర్ కలిసి 1985లో మరో ఉపాయం చెప్పారు. శేషపు నమూనాలను ముందుగానే ఒక పట్టికలో పేర్చి రెండు వైపులా ఉంచుకోవాలి. అన్నిటికన్నా సరిపోయే నమూనా సంఖ్యను మాత్రమే పంపాలి. 1,024 నమూనాలున్న పట్టికలో ఎంపికకు 10 బిట్లు చాలు. ఆనాడు ఒక్క సెకను మాటను ఇలా కుదించడానికి క్రే సూపర్ కంప్యూటర్‌కు రెండు నిమిషాలకు పైగా పట్టింది. ఆ ఆలోచన వారసులే తరువాత కోట్లాది మొబైల్ ఫోన్లలో కొలువుదీరాయి. రోజూ ఆ సమీకరణాల మీదుగా మాట్లాడుకునే ఈ దేశంలో అటల్ పేరు ఎరిగినవారు మాత్రం బహు తక్కువ.

ఇప్పుడు పోటీకి వచ్చినవి నాడీజాల కోడెక్‌లు. గూగుల్ 2021లో ప్రకటించిన సౌండ్‌స్ట్రీమ్, మెటా 2022లో ప్రకటించిన ఎన్‌కోడెక్ ఈ కోవలోనివి. పట్టిక ఆలోచన ఇక్కడా ఉంది. అయితే పట్టికను మనుషులు కూర్చరు. వేల గంటల ధ్వనిని విని యంత్రమే నేర్చుకుంటుంది. అవతలి కొసన మరో యంత్రం ఆ సంఖ్యల ఆధారంగా మాటను కొత్తగా పుట్టిస్తుంది. తక్కువ బిట్లలో ఇంత శుభ్రమైన ధ్వని పాత పద్ధతులకు సాధ్యం కాలేదు.

చిక్కు ఆ శుభ్రతలోనే ఉంది. పాత కోడెక్‌లో బిట్లు చాలకపోతే గరగర వినిపిస్తుంది, విన్నవారు "మళ్లీ చెప్పండి" అంటారు. కొత్తదానిలో బిట్లు చాలకపోతే యంత్రం తనకు పరిచయమైన దగ్గరి ధ్వనిని పెట్టే అవకాశం ఉంది. గొంతు స్పష్టంగా ఉంటుంది, మాట మారిపోతుంది, అనుమానం రాదు. తెలుగులో కల, కల్ల, కళ వేర్వేరు అర్థాలు. ఇరవైకి, అరవైకి మధ్య తేడా మొదటి అచ్చు ఒక్కటే. మామూలు ఫోన్‌లోనే ఈ రెండూ తారుమారవుతుంటాయి. హిందీలో బ, భ భేదం, పంజాబీలో స్వరస్థాయి భేదం అర్థాన్ని నిర్ణయిస్తాయి. శిక్షణలో ఈ ధ్వనులు తగినంతగా వినని యంత్రం వాటిని కాపాడుతుందని భరోసా లేదు.

తుపాను వేళ టవర్లు కూలిన తీర గ్రామానికీ, బంగాళాఖాతంలో చాలా దూరం వెళ్లిన కాకినాడ లేదా మచిలీపట్నం పడవకూ ఈ తేడా ప్రాణసంబంధమైనది. పడవల్లో ప్రస్తుతం అమర్చుతున్న ఉపగ్రహ ట్రాన్స్‌పాండర్లు పొట్టి సందేశాలకు ఉద్దేశించినవి. వాటి స్థానంలో మాట వస్తే మేలే. కానీ "అరవై కిలోమీటర్ల వేగంతో గాలి" అన్నది ఇరవైగా వినబడితే రాతపూర్వక సందేశమే నయం.

కోడెక్ నాణ్యతను సాధారణంగా శ్రోతలు ఒకటి నుంచి ఐదు వరకు ఇచ్చే మార్కులతో లెక్కిస్తారు. ఆహ్లాదకరంగా వినిపించే తప్పుకు ఈ పద్ధతిలో మంచి మార్కులే పడవచ్చు. పలికిన పదమే వినిపించిందా అని తేల్చే పరీక్షలు భారతీయ భాషల్లో జరగాలని పట్టుబట్టే అవకాశం భారత్‌కు ఉంది. దేశీయ ప్రమాణాల సంస్థ టీఎస్‌డీఎస్‌ఐ 3జీపీపీలో భాగస్వామి. కేంద్రం చేపట్టిన భాషిణి కార్యక్రమం, ఐఐటీ మద్రాసులోని ఏఐ4భారత్ బృందం భారతీయ భాషల వాక్ సమాచారాన్ని సేకరించాయి. అది అనువాదానికి, మాట గుర్తింపునకు వినియోగమవుతోంది. కోడెక్ పరీక్షలకూ దానిని వినియోగించడం కొత్తగా సేకరించడం కన్నా చాలా చౌక. చవక ఫోన్ల ప్రాసెసర్లు ఈ యంత్రాలను మోయగలవా అన్న ప్రశ్న దీనికి అదనం. మాట పైకి వెళ్లి దిగడానికే పావు సెకను పడుతుంది గనుక కోడెక్ ఆలస్యానికి మిగిలే జాగా కూడా తక్కువే.

అభ్యంతరాలు చెప్పదలచినవారు ప్రమాణం ఖరారు కాకముందే చెప్పాలి. 1972లో ఆమోదించిన జీ.711 నేటికీ టెలిఫోన్ ఎక్స్ఛేంజీల మధ్య వాడుకలోనే ఉంది.