ఎనిమిది మైళ్లు పక్కకు జరిగిన దిబ్బ

2013 జనవరి 17. అర్ధరాత్రి దాటి రెండున్నర కావస్తోంది. ఫిలిప్పీన్స్‌లోని సులు సముద్రంలో అమెరికా నౌకాదళం ఓడ ఒకటి తన దారిన తాను పోతోంది. పేరు గార్డియన్... అంటే కాపలాదారు! సముద్రంలో శత్రువులు పెట్టిన మందుపాతరలను వెతికి ఏరేయడం దాని పని. నీళ్ల అడుగున పొంచి ఉన్న ప్రమాదాన్ని పసిగట్టడానికే పుట్టిన ఓడ అన్నమాట. పటంలో చూస్తే దారికి అడ్డంగా ఏమీ లేదు. కానీ ఉన్నట్టుండి పెద్ద కుదుపు. 68 మీటర్ల ఆ ఓడ వెళ్లి వెళ్లి ఓ పగడపు దిబ్బ మీదికెక్కి కూర్చుంది. అందులో ఉన్న 79 మందికీ ఏమీ కాలేదు. అయింది దిబ్బకే.

ఇంతకీ తప్పు ఎక్కడ జరిగింది? ఆ ఓడలో వాడిన డిజిటల్ పటం అమెరికా ప్రభుత్వ సంస్థే తయారుచేసింది. ఉపగ్రహ సమాచారాన్ని పటంలోకి ఎక్కించడంలో పొరపాటు జరిగి, దిబ్బ అసలున్న చోట కాకుండా ఎనిమిది నాటికల్ మైళ్ల అవతల పడింది. మన లెక్కలో దాదాపు పదిహేను కిలోమీటర్లు. చార్మినార్‌ను గచ్చిబౌలిలో చూపించినట్టు! పాపమంతా పటానిదేనా అంటే అదీ కాదు. పటం ఒక్కదాన్నే నమ్ముకుని, మిగతా జాగ్రత్తలు గాలికొదిలేశారని, ఇది తప్పించుకోదగ్గ ప్రమాదమేనని అమెరికా నౌకాదళం సొంత విచారణలోనే తేలింది. కెప్టెన్ సహా నలుగురిని బాధ్యతల నుంచి తప్పించారు.

ఆ దిబ్బ పేరు తుబ్బతహ. అక్కడి సముద్ర సంచారులైన సమా బజావ్ జాతివారి మాటల్లో, ఆటు సమయంలో బయటపడే పొడవాటి దిబ్బ అని అర్థం. మన పిల్లలు డాక్టరు చదువుల కోసం వెళ్లే ఫిలిప్పీన్స్‌లోనే, పలవాన్ దీవిలోని ప్యుయెర్టో ప్రిన్సెసా పట్టణం నుంచి ఆగ్నేయంగా 150 కిలోమీటర్ల దూరంలో నడిసముద్రంలో ఉంది. ఉంగరాల్లాంటి రెండు పెద్ద దిబ్బలు, ఉత్తరాన విడిగా మరో చిన్న దిబ్బ. రెండు మూడు ఇసుక తిన్నెలు, పక్షులు గుడ్లు పెట్టే లంకలు తప్ప పైకి కనిపించేది పెద్దగా ఏమీ ఉండదు. ఉన్నదంతా కిందే. సుమారు 360 రకాల పగడాలు, 600 రకాల చేపలు, సొరచేపలు, తాబేళ్లు... 1993లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ ప్రదేశాల జాబితాలో చేర్చింది.

చూడ్డానికి రాయిలా ఉంటుంది గానీ పగడం ప్రాణి. ఆవగింజంత, బఠాణీ గింజంత జీవులు లక్షలాదిగా ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని, సముద్రపు నీటిలోంచి సున్నం తీసుకుని తమ చుట్టూ గూడు కట్టుకుంటాయి. వాటి ఒంట్లోనే కంటికి కనిపించని నాచు కాపురం ఉంటుంది. ఎండ సాయంతో అది వండిపెడితే పగడం తింటుంది. పాత తరం పోతే దాని గూటి మీద కొత్త తరం కడుతుంది. ముద్దలా పెరిగే పగడమైతే ఏడాదికి ఒక సెంటీమీటరు అటూ ఇటూ. మీటరు ఎత్తున్న పగడం కనిపించిందంటే అది మన తాతముత్తాతల కాలంలో మొదలైందని అర్థం.

ఇలాంటి దిబ్బతో ఓడలకు ఓ చిక్కుంది. మామూలు తీరమైతే లోతు మెల్లమెల్లగా తగ్గుతూ వస్తుంది. నీటి లోతు కొలిచే యంత్రం ముందే హెచ్చరిస్తుంది. తుబ్బతహ అలా కాదు. అగాధం లోంచి గోడ కట్టినట్టు నిట్టనిలువుగా లేస్తుంది. ఒక క్షణం కింద లెక్కలేనంత లోతు. మరుక్షణం అడుగున రాయి. అందుకే ఇక్కడ యంత్రం కూతకంటే పటమే ముఖ్యం. ఆ పటమే తప్పయితే?

విచిత్రమేమిటంటే, గార్డియన్ కంటే ఏడేళ్ల ముందే అక్కడ సరిగ్గా ఇదే జరిగింది. 2005 అక్టోబరులో పర్యావరణ ఉద్యమ సంస్థ గ్రీన్‌పీస్ ఓడ రెయిన్‌బో వారియర్ అక్కడికి వచ్చింది. భూమి వేడెక్కడం వల్ల పగడాలకు ఏమవుతోందో చూసి లోకానికి చెప్పడం వాళ్ల ఉద్దేశం. తీరా ఆ ఓడే దిబ్బను గుద్దింది! వంద చదరపు మీటర్లకు కాస్త తక్కువ పగడం నలిగింది. మన లెక్కలో చిన్న ఇంటి స్థలమంత. తమ దగ్గరున్న పటం ప్రకారం దిబ్బ ఇంకా మైలున్నర దూరంలో ఉండాలని గ్రీన్‌పీస్ వాళ్లు చెప్పారు. అయినా బుకాయించకుండా జరిమానా కట్టేశారు. పగడాల మీద ప్రేమ ఉన్నవాడికైనా సరే, పటం తప్పయితే దిబ్బ కనిపించదు.

గార్డియన్ విషయంలో ఇంకో ముచ్చట ఉంది. దిబ్బను కాపలా కాసే రేంజర్లు రేడియోలో పిలిస్తే, ఏదైనా ఉంటే తమ రాయబార కార్యాలయంతో మాట్లాడుకోమని ఓడవాళ్లు జవాబిచ్చారని పార్కు సూపరింటెండెంట్ ఏంజెలిక్ సోంగ్‌కో అప్పట్లో పత్రికలకు చెప్పారు. ఇసుక తిన్నె మీద కాపలా ఉన్న పిడికెడు మంది ఎక్కడ? అగ్రరాజ్యం యుద్ధనౌక ఎక్కడ?

ఇరుక్కున్న ఓడను లాగేద్దామంటే ఉన్న పగడం కూడా గీసుకుపోతుంది. పైగా దాని అడుగు అప్పటికే చిల్లులు పడింది. ఇలా లాభం లేదని ముందు ఇంధనం తోడేసి, ఆ తర్వాత ఓడను అక్కడికక్కడే ముక్కలుగా కోసి క్రేన్లతో ఎత్తుకుపోయారు. చివరి ముక్క వెళ్లేసరికి మార్చి 30 అయింది. ఆనక కొలిస్తే పాడైన పగడం 2,345 చదరపు మీటర్లు. అంటే దాదాపు 58 సెంట్లు. అమెరికా 8.7 కోట్ల పెసోలు పరిహారం కట్టింది. డాలర్లలో ఇరవై లక్షలకు కాస్త తక్కువ. ఆ డబ్బు చేతికందేసరికి 2015 వచ్చింది.

ఈలోగా అదే 2013 ఏప్రిల్ 8న చైనా చేపల ఓడ ఒకటి వచ్చి ఎక్కింది. ఈసారి ఎకరానికి నాలుగు సెంట్లు తక్కువ. ఫిలిప్పీన్స్ అధికారులు లోపలికెళ్లి చూస్తే చేపల సంగతి అటుంచి, నాలుగు వందల పెట్టెల నిండా గడ్డకట్టించిన అలుగుల మాంసం! అలుగును చంపడమే నేరం, దాన్ని దేశాలు దాటించడం ఇంకా నేరం. దొంగ దారిన పోతూ దిబ్బకు దొరికిపోయారన్నమాట. అందులోని పన్నెండు మందికీ జైలుశిక్ష పడింది.

పార్కు మొత్తం విస్తీర్ణం 97 వేల హెక్టార్లు. అంటే దాదాపు రెండు లక్షల నలభై వేల ఎకరాలు. అందులో అరెకరం పోతే కొంపలు మునుగుతాయా అనిపించవచ్చు. విస్తీర్ణంలో ఎక్కువ భాగం వట్టి నీళ్లే. దిబ్బ పదో వంతు. పైగా ఓడ గుద్దిన చోట పగడం ఒక్కసారి విరిగి ఊరుకోదు. ముక్కలు కంకరలా పోగుపడతాయి. అలలు వచ్చినప్పుడల్లా ఆ కంకర అటూ ఇటూ దొర్లుతుంది. నీళ్లలో తేలుతూ వచ్చే పగడపు పిల్లలకు గట్టి నేల కావాలి. దొర్లే రాయి మీద అవి కుదురుకోలేవు. కుదురుకున్నా పక్క రాయి వచ్చి నలిపేస్తుంది. దానికితోడు ఓడల అడుగున నత్తలు, గుల్లలు పట్టకుండా పూసే రంగుల్లో విషం ఉంటుంది. గుద్దినప్పుడు ఆ రంగు దిబ్బకు అంటుకుంటుంది. ఇక నూనె కారిందా, అరెకరంతో పోదు. చుట్టుపక్కల దీవుల జాలర్ల వలల్లో పడే చేపలకు తుబ్బతహ పురిటిల్లు లాంటిది. ఇక్కడ పుట్టిన పిల్లలే ప్రవాహాలతో పాటు పలవాన్ తీరం వైపు వెళ్తాయి.

మరి దారిన పోయే ఓడను ఎవరు ఆపాలి? సముద్రంలో సొంత జలాలున్నా, అంతర్జాతీయ ఓడలను ఏ దేశమూ తనంతట తాను ఇష్టమొచ్చినట్టు దారి మళ్లించలేదు. దానికో పెద్దమనిషి ఉంది. లండన్‌లో ఉండే అంతర్జాతీయ నౌకాయాన సంస్థ. ఒక ప్రాంతం ప్రకృతిపరంగా ఎంత విలువైనదో, ఓడల వల్ల దానికి ఏ ముప్పుందో రుజువులతో సహా చూపిస్తే దాన్ని 'ప్రత్యేకించి సున్నితమైన సముద్ర ప్రాంతం'గా ప్రకటిస్తుంది. 1990లో ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్‌కు మొదటిసారి ఆ గుర్తింపు దక్కింది.

వట్టి గుర్తింపు ఇస్తే ఏమొస్తుందని అడిగితే, అదీ నిజమే. దానికి తోడుగా ఏదో ఒక కట్టుబాటు పెడితేనే ఫలం. కొన్నిచోట్ల దారి తెలిసిన స్థానిక పైలట్‌ను ఎక్కించుకోవాలంటారు. కొన్నిచోట్ల రాకపోకలు ముందే చెప్పాలంటారు. తుబ్బతహకు కోరింది అన్నిటికంటే సూటి అయినది. అసలు ఇటు రాకండి, చుట్టూ తిరిగి పోండి!

రెండు ప్రమాదాల తర్వాత ఫిలిప్పీన్స్ ఆ కాగితాలు పట్టుకుని లండన్ మెట్లెక్కింది. 2017 జులైలో ఆమోదం వచ్చింది. ఆగ్నేయాసియాలో ఈ గుర్తింపు పొందిన మొదటి ప్రాంతం ఇదే. 2018 జనవరి 1 నుంచి, 150 టన్నేజీ, ఆపైన ఉన్న ఓడలు దిబ్బకు దూరంగా తప్పుకుపోవాలి. ఇది సలహాలాంటిదే తప్ప సంకెళ్లు వేసే చట్టం కాదు. కానీ ఆ మాట ప్రపంచంలోని నావికా పటాలన్నింటికీ ఎక్కుతుంది. పటంలో గీత ఉండగా దాటి వచ్చి గుద్దిన కెప్టెన్, నాకు తెలియదని తప్పించుకోలేడు. దిబ్బ ఎక్కడుందో పది మీటర్ల తేడాతో తెలియకపోయినా పరవాలేదు. దానికి ఎంతో దూరం నుంచే గీత మొదలవుతుంది. పటం కాస్త అటూ ఇటూ అయినా సర్దుకునేంత వెడల్పు ఉంది. అసలు సుఖం అందులోనే ఉంది.

ఇంత కథకూ మూలస్తంభాలు మాత్రం ఆ రేంజర్లే. ఉత్తరపు దిబ్బ కొసన ఇసుక తిన్నె మీద వాళ్ల ఠాణా. పది పన్నెండు మంది. నౌకాదళం నుంచి కొందరు, తీర రక్షక దళం నుంచి కొందరు, పార్కు వాళ్లు, దగ్గరి కగయాన్సిలో దీవుల వాళ్లు. ఒకసారి వెళ్తే రెండు నెలలు అక్కడే. సముద్రం బాగోకపోతే రావాల్సిన పడవ రాదు, డ్యూటీ ఇంకా సాగుతుంది. రాడార్ చూడటం, గీత లోపలికి వచ్చే ఓడను రేడియోలో పిలవడం, దొంగచాటుగా చేపలు పట్టేవాళ్లను, గుండీల తయారీకి పనికొచ్చే గుల్లలు ఏరుకుపోయేవాళ్లను తరమడం, తాబేళ్లు, పక్షులను లెక్కపెట్టడం... అన్నీ వాళ్లే.

కగయాన్సిలో వాళ్ల సంగతి కూడా చెప్పుకోవాలి. తుబ్బతహ వాళ్ల పరిధిలోదే. తరాలుగా అక్కడ వేటాడినవాళ్లు. 1988లో పార్కుగా ప్రకటించాక ఆ వేట వదులుకున్నారు. బదులుగా పర్యాటకుల రుసుములో వాటా వాళ్ల ఊళ్లకు వెళ్తుంది. పస్తులుండి పగడాలను కాపాడమంటే ఎవరు మాత్రం వింటారు? ఎవరి నోటి ముందు కూడు తీశారో వాళ్లకే కాపలా పని, రాబడి చూపించడం ఈ పార్కు చేసిన తెలివైన పనుల్లో ఒకటి.

మనకూ ఇలాంటి దిబ్బలున్నాయి. లక్షద్వీప్ మొత్తం పగడపు దీవులే. మినికాయ్‌కీ మిగతా దీవులకూ మధ్య రెండు వందల కిలోమీటర్ల వెడల్పున్న తొమ్మిది డిగ్రీల కాలువ ఉంది. గల్ఫ్ నుంచి, ఐరోపా నుంచి తూర్పు దేశాలకు పోయే ఓడల రద్దీ దారుల్లో అదొకటి. పర్యాటకుడు పగడం ముక్క జేబులో వేసుకున్నా మన వన్యప్రాణి చట్టం ప్రకారం నేరమే. కానీ లండన్ సంస్థ ఇచ్చే ఆ సున్నిత ప్రాంతం గుర్తింపు భారత జలాల్లో ఒక్క చోటుకూ లేదు. కాలువ వెడల్పుగా ఉంది కదా, ఏం కాదులే అనుకోవచ్చు. సులు సముద్రం కూడా వెడల్పైనదే. 2025 మేలో కొచ్చి దగ్గర 640 కంటైనర్లతో ఓ ఓడ మునిగిపోతే, ప్లాస్టిక్ గుళికలు కేరళ తీరంలో పుట్లకు పుట్లు కొట్టుకొచ్చాయి. ఇసుకలోంచి వాటిని జల్లెడ పట్టి ఏరారు. పగడాల మధ్యన పడితే జల్లెడ ఎక్కడ పెడతారు?

గీతతో ఆగనివి కూడా ఉన్నాయి. సముద్రం వేడెక్కితే పగడం తన ఒంట్లోని నాచును వెళ్లగొట్టి తెల్లగా పాలిపోతుంది. 2024లో ప్రపంచంలోని చాలా దిబ్బలకు ఆ గతి పట్టింది. లక్షద్వీప్‌కూ తప్పలేదు. ఆ వేడికి పటాలు చదవడం రాదు. అలాగని ఓడల్నీ వదిలేస్తే, జ్వరంతో ఉన్నవాణ్ని లారీకి ఎదురు పంపినట్టే.

తుబ్బతహకు సందర్శకులు వెళ్లేది మార్చి మధ్య నుంచి జూన్ మధ్య దాకా మాత్రమే. సముద్రం కాస్త శాంతంగా ఉండే రోజులవి. డైవింగ్ పడవలు లంగరు వేయకూడదు, కట్టి ఉంచిన బోయాలకే తాళ్లు కట్టుకోవాలి. జూన్ దాటితే ఆ పడవలు వెళ్లిపోతాయి. గాలులు మొదలవుతాయి. మళ్లీ మార్చి వచ్చేదాకా ఆ ఇసుక తిన్నె మీద రేంజర్లు, వాళ్ల రేడియో, దూరంగా రాడార్ తెర మీద కదిలే చుక్కలు.