లాభమూ, పుణ్యమూ

“మామయ్యా, ప్లాస్టిక్ చెత్తనుంచి ఇంధనం తీసే కంపెనీలో పెడితే లాభమూ, పుణ్యమూ రెండూనట!” అని మా మేనల్లుడు ఫోన్ చేశాడు. పెట్టేది ఇంటికోసం దాచిన డబ్బు.

ఇక్కడ ఇండియానాలోని యాష్లీ కథ చెప్పాను. ఏడాదికి లక్ష టన్నుల ప్లాస్టిక్‌ని నూనెగా మారుస్తామంటే, 2019లో 18.5 కోట్ల డాలర్ల ‘గ్రీన్ బాండ్లు’ అమ్ముడుపోయాయి. 2025 మార్చిలో ఆ ఫ్యాక్టరీ దివాలా పిటిషన్ వేసింది. పేరు గొప్ప, ఊరు దిబ్బ!

ప్లాస్టిక్ పుట్టిందే చమురు, సహజవాయువుల నుంచి. మళ్ళీ నూనె చేసి మండిస్తే వచ్చేదీ బొగ్గుపులుసు వాయువే. దాన్ని శుభ్రమైన శక్తి అంటే నాకు మింగుడుపడదు.

వద్దనలేదు. రెండు ప్రశ్నలడగమన్నాను: నిరుడు నిజంగా ఎన్ని టన్నులు మార్చారు? ఆ నూనె ఎవరు కొన్నారు? జవాబు రాకపోతే, డబ్బు జేబులోనే ఉంచుకోరా!