ఓర్పుకూ సిబ్బంది కావాలి

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని డయాలసిస్ కేంద్రంలో నర్సు మోసే బరువు మామూలు వార్డులో ఉండదు. వార్డు రోగి నాలుగు రోజులకు నయమై ఇంటికి పోతాడు. ఇక్కడ కవిటి నుంచో, వజ్రపుకొత్తూరు నుంచో వచ్చే మనిషి వారానికి రెండు మూడుసార్లు, నాలుగేసి గంటలు, ఏళ్ల తరబడి కళ్లెదుటే ఉంటాడు. అతని అప్పులూ పిల్లల చదువులూ ఆమెకు తెలిసిపోతాయి. ఒక రోజు అతను రాడు. ఆ మంచం మీదికి వచ్చిన మరొకరికి ఆమె సూది గుచ్చాలి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం వచ్చాయి. రోగికి మేలే జరిగింది, కానీ నర్సు దుఃఖం తీరలేదు. ఆమెకు మనం చెప్పేదల్లా ఓర్పు పెంచుకోమని, ధ్యానం చేయమని. సలహా మంచిదే. పాటించే తీరిక ఎక్కడిది?

పనిభారంతో మనిషి ఇలా అలసి కుంగిపోవడాన్ని బర్నవుట్ అంటారు. దాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో జబ్బుల కింద చేర్చలేదు. అదుపు చేయకుండా వదిలేసిన పని ఒత్తిడి ఫలితమంది. 2002లో పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం అమెరికాలోని పెన్సిల్వేనియా ఆసుపత్రులను పరిశీలించింది. నర్సుకు ఒక్క రోగి ఎక్కువైతే ఆమె బర్నవుట్ పాలయ్యే అవకాశం 23 శాతం, శస్త్రచికిత్స రోగి నెలలోపు చనిపోయే అవకాశం 7 శాతం పెరుగుతున్నట్టు తేలింది. మన భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకొక నర్సు, మిగతా చోట్ల ఐదుగురికొకరు, సెలవుల నిమిత్తం మరో 30 శాతం. శ్రీకాకుళం రిమ్స్‌కైనా, 2023లో వైద్య కళాశాల వచ్చిన విజయనగరానికైనా ఇదే కొలత. ఆ 30 శాతం లేనిచోట సెలవు అడిగిన సిస్టర్ తోటి సిస్టర్ మీద డబుల్ డ్యూటీ వేసినట్టవుతుంది. దుఃఖం పొంగినప్పుడు పది నిమిషాలు పక్కకు వెళ్లాలన్నా మెషిన్ చూసేందుకు ఇంకొకరు ఉండాలి.

డబ్బెక్కడిదంటారు. 2016లో నర్సుల నిష్పత్తిని చట్టంగా చేసిన ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో, రోగులు త్వరగా ఇంటికెళ్లడం, తిరిగి చేరడం తగ్గడం వల్ల మిగిలిన సొమ్ము అదనపు జీతాలకు రెట్టింపు దాటింది. మన లెక్కలు వేరు కావచ్చు, అయినా సిబ్బందిని తగ్గిస్తే ఖర్చు తగ్గుతుందన్న నమ్మకం ఇక చెల్లదు. ఎందరు నర్సులున్నా చావు చూసిన బాధ పోదన్న మాటా నిజమే. అందుకే కౌన్సెలింగ్ కావాలి. అయితే దాన్ని డ్యూటీ వేళల్లోనే పెట్టాలి. అక్కడ చెప్పుకున్న మాట కాంట్రాక్టు పొడిగింపుకు అడ్డం రాదన్న భరోసా ఉండాలి. ముందుగా ప్రతి షిఫ్టులో ఎందరు రోగులకు ఎందరు నర్సులున్నారో వార్డు గుమ్మం దగ్గర బోర్డు మీద రాయించాలి. ఓర్పు పాఠాలు నర్సుకు చెప్పాలో, పోస్టులు నింపని వారిని నిలదీయాలో ఆ అంకెలు చూసి ప్రజలే నిర్ణయిస్తారు.